డ్రాఫ్ట్ రోజున ఎవరికీ పూర్తిగా తెలీదు

ముందే చెప్పేస్తున్నా. ఈ వ్యాసంలో ఫుట్‌బాల్ అంటే మెస్సీ, రొనాల్డో ఆడే ఆట కాదు. అమెరికా వాళ్లు హెల్మెట్లు పెట్టుకుని, భుజాలకి ప్యాడ్లు కట్టుకుని, రెండు కొసలూ మొనదేలిన బంతితో ఆడే ఆట. అందులో కాలితో తన్నేది తక్కువ, చేత్తో విసిరేది ఎక్కువ. మరి దానికి ఫుట్‌బాల్ అని పేరెందుకు పెట్టారని నన్నడక్కండి. రూల్స్ తెలియకపోయినా ఈ వ్యాసం అర్థమవుతుంది. ఎందుకంటే నేను రాస్తున్నది మనుషుల్ని ఎంచుకోవడం గురించి. కాలేజీ నుంచి బయటికొస్తున్న ఇరవై రెండేళ్ల కుర్రాణ్ణి చూసి "వీడు మనకి పనికొస్తాడా?" అని ఒక ప్రొఫెషనల్ టీమ్ ఎలా తేల్చుకుంటుంది? ఇంకో ఏడాదిన్నరలో మనల్ని కూడా ఎవరో ఇలాగే తేల్చబోతున్నారు కాబట్టి, ఇది మనకి అంత దూరపు విషయమేం కాదు.

నా అభిప్రాయం ముందే పెట్టేస్తా, ఒప్పుకోని వాళ్లు చివరిదాకా చదివి పోట్లాడొచ్చు. ఈ రోజు మన టీమ్‌లో ఏ ఖాళీ ఉందో చూసి, ఆ ఖాళీలో ఒక మనిషిని ఇరికించే పద్ధతి చూడ్డానికి తెలివైనదిగా కనిపిస్తుంది. నిజానికి అది చాలాసార్లు టీమ్‌ని ముంచుతుంది. తమ అంచనా తప్పు కావొచ్చని లెక్కలోకి తీసుకునే టీములే ఎక్కువ కాలం బాగుంటాయి.

అసలు డ్రాఫ్ట్ అంటే

అమెరికాలో ఎన్‌ఎఫ్‌ఎల్ అనే లీగ్‌లో 32 టీములున్నాయి. ప్రతి ఏడాదీ ఏప్రిల్‌లో కాలేజీ ఆటగాళ్లని వరసగా పంచుకుంటారు. ఐపీఎల్ లాగా వేలంపాట ఉండదు. గత సీజన్‌లో అందరికంటే చెత్తగా ఆడిన టీమ్‌కి మొదటి ఛాన్స్, ఛాంపియన్‌కి చివరి ఛాన్స్. ఇలా ఏడు రౌండ్లు. అన్నీ కలిపి సుమారు 260 మంది. ఆటగాడికి టీమ్‌ని ఎంచుకునే హక్కు లేదు, ఎవరు పేరు పిలిస్తే వాళ్ల దగ్గరికే వెళ్లాలి.

ఇది 1936లో మొదలైంది. ఫిలడెల్ఫియా ఈగిల్స్ ఓనర్ బర్ట్ బెల్ ఈ ఐడియా ఇచ్చాడు. డబ్బున్న టీములే ప్రతిసారీ మంచి ఆటగాళ్లని ఎగరేసుకుపోతుంటే బలహీనమైన టీములు ఎప్పటికీ లేవలేవు కదా, అందుకు. తమాషా ఏంటంటే, ఆ మొదటి డ్రాఫ్ట్‌లో మొట్టమొదట పిలిచిన పేరు జే బెర్వాంగర్. ఆయన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. అంటే ఈ సిస్టమ్ మొదటి అవుట్‌పుట్టే తేడా కొట్టింది.

డ్రాఫ్ట్ ఇంత ముఖ్యం ఎందుకంటే, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో జీతాలకి పరిమితి ఉంది. ఏ టీమైనా ఏడాదికి ఇంతకు మించి ఖర్చు పెట్టకూడదు. డ్రాఫ్ట్‌లో వచ్చిన కొత్త కుర్రాడు నాలుగేళ్ల పాటు తక్కువ జీతానికి దొరుకుతాడు. వాడు స్టార్ అయితే, వాడి మీద మిగిలిన డబ్బుతో ఇంకో ముగ్గురు మంచివాళ్లని కొనుక్కోవచ్చు. వాడు ఫెయిలైతే నాలుగేళ్లు గోవిందా.

కొలతల జాతర

డ్రాఫ్ట్‌కి రెండు నెలల ముందు ఇండియానాపొలిస్ నగరంలో కంబైన్ అనే పరీక్ష జరుగుతుంది. మూడు వందల మందికి పైగా కుర్రాళ్లని పిలుస్తారు. 40 గజాలు, అంటే సుమారు 36 మీటర్లు, ఎన్ని సెకన్లలో పరిగెడతాడు? 225 పౌండ్ల బరువు, అంటే దాదాపు 102 కిలోలు, పడుకుని ఎన్నిసార్లు ఎత్తుతాడు? నిలబడిన చోటు నుంచి ఎంత ఎత్తుకి ఎగురుతాడు? ఎత్తు, బరువు, చెయ్యి పొడవు, ఆఖరికి అరచెయ్యి వెడల్పు కూడా కొలుస్తారు. దాంతోపాటు డాక్టర్ల పరీక్షలు, ఇంటర్వ్యూలు.

చదువుతుంటే మీకు ఏదైనా గుర్తొస్తోందా? ఆప్టిట్యూడ్ రౌండ్, కోడింగ్ రౌండ్, టెక్నికల్, హెచ్‌ఆర్. నాకు మాత్రం అదే గుర్తొచ్చింది.

2017లో జాన్ రాస్ అనే కుర్రాడు 40 గజాలు 4.22 సెకన్లలో పరిగెత్తి అప్పటి రికార్డు బద్దలు కొట్టాడు. సిన్సినాటి బెంగాల్స్ టీమ్ అతన్ని తొమ్మిదో నంబర్‌లో తీసుకుంది. ఆ స్థాయికి తగిన కెరీర్ మాత్రం రాలేదు. అదే ఏడాది, అదే పొజిషన్‌లో కూపర్ కప్ అనే ఇంకో కుర్రాడు 4.62 సెకన్లు తీసుకున్నాడు. చదివింది చిన్న యూనివర్సిటీ. 69వ నంబర్‌లో లాస్ ఏంజెలిస్ రామ్స్‌కి వెళ్లాడు. 2021 సీజన్‌లో క్యాచ్‌లలో, గజాల్లో, టచ్‌డౌన్లలో, మూడింటిలోనూ లీగ్‌లో మొదటివాడయ్యాడు. ఆ సీజన్ సూపర్ బౌల్‌లో మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ కూడా అతనే.

అలాగని వేగం అక్కర్లేదని కాదు. 36 మీటర్ల పరుగు నిజంగానే ఏదో ఒకటి కొలుస్తుంది. సమస్యల్లా అది కొలవడానికి సులువుగా ఉండటం వల్ల దానికి ఎక్కువ మార్కులు పడిపోవడం. డిఫెండర్ ఏ క్షణంలో బరువు ఏ కాలి మీద వేశాడో చూసి పక్కకి తిరగడం, క్వార్టర్‌బ్యాక్ మనసులో ఏముందో కనిపెట్టడం, ఇవి స్టాప్‌వాచ్‌కి అందవు. 2020 కంబైన్‌లో జో బరో అరచెయ్యి తొమ్మిది అంగుళాలే ఉందని పెద్ద చర్చ. ఇంత చిన్న చేతుల్లోంచి బంతి జారిపోతుందట, ఇక రిటైరవుతానని ఆయనే ట్విట్టర్‌లో జోకేశాడు. ఆ ఏడాది మొదటి నంబర్‌లో బెంగాల్స్‌కి వెళ్లి, రెండో సీజన్‌లోనే వాళ్లని సూపర్ బౌల్‌కి తీసుకెళ్లాడు.

అవసరం అనే ఉచ్చు

ఇప్పుడు అసలు పాయింట్. డ్రాఫ్ట్ సీజన్‌లో ఏ పేపర్ చూసినా, ఏ టీవీ షో చూసినా ఒకటే లిస్టు: ఈ టీమ్‌కి ఏం కావాలి? ఫలానా టీమ్‌కి లెఫ్ట్ ట్యాకిల్ లేడు, కాబట్టి ట్యాకిల్‌ని తీసుకోవాలి. చూడ్డానికి కిరాణా కొట్టు చీటీలా ఉంటుంది. కందిపప్పు అయిపోయింది, కందిపప్పు తెచ్చుకో.

కానీ మనిషి కందిపప్పు కాదు. ఇవాళ తెస్తే ఇవాళే ఉడకడు. డ్రాఫ్ట్‌లో వచ్చినవాడు పూర్తిగా పనికొచ్చేసరికి రెండు మూడేళ్లు పట్టొచ్చు. ఆలోగా మీ అవసరమే మారిపోతుంది. ఒకడికి మోకాలు దెబ్బ తగులుతుంది, ఇంకొకడి కాంట్రాక్ట్ అయిపోతుంది, కోచ్ మారతాడు.

2005లో గ్రీన్‌బే ప్యాకర్స్‌కి క్వార్టర్‌బ్యాక్ అవసరమే లేదు. బ్రెట్ ఫావ్రే లాంటి దిగ్గజం ఆడుతున్నాడు. అయినా 24వ నంబర్‌లో ఆరన్ రాడ్జర్స్ ఇంకా మిగిలి ఉంటే తీసేసుకున్నారు. అతను మూడు సీజన్లు బెంచ్ మీద కూర్చున్నాడు. తర్వాత 2010 సీజన్‌లో సూపర్ బౌల్ గెలిపించాడు. అప్పుడు కిరాణా చీటీ పట్టుకుని వెళ్లి ఉంటే ఇంకెవర్నో తెచ్చుకునేవాళ్లు.

మన దగ్గర కూడా ఇలాంటి కథ ఒకటుంది, క్రికెట్ పిచ్చి ఉన్నవాళ్లకి తెలిసే ఉంటుంది. 2008లో మొదటి ఐపీఎల్‌కి ముందు అండర్-19 కుర్రాళ్లని వేలంలో కాకుండా డ్రాఫ్ట్‌లో పంచారు. మొదటి ఛాన్స్ ఢిల్లీది. అప్పుడే వరల్డ్ కప్ గెలిచి వచ్చిన అండర్-19 కెప్టెన్, పైగా ఢిల్లీ కుర్రాడే, విరాట్ కోహ్లీ అందుబాటులో ఉన్నాడు. ఢిల్లీ టీమ్‌లో అప్పటికే సెహ్వాగ్, గంభీర్, డివిలియర్స్ ఉన్నారు. బ్యాటింగ్‌కి కొదవ లేదు. ఎడమచేతి ఫాస్ట్ బౌలర్ ప్రదీప్ సంగ్వాన్‌ని తీసుకున్నారు. కోహ్లీ బెంగళూరుకి వెళ్లాడు. ఆ తర్వాత జరిగింది నేను చెప్పక్కర్లేదు.

లెక్కలు ఏమంటున్నాయి

కథలు ఎటైనా చెప్పొచ్చు కాబట్టి ఇక లెక్కలకి వద్దాం. కేడ్ మాసీ, రిచర్డ్ థేలర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు డ్రాఫ్ట్ మీద ఒక ప్రసిద్ధ పరిశోధన చేశారు. థేలర్‌కి 2017లో ఎకనామిక్స్ నోబెల్ వచ్చింది. వాళ్లు అడిగిన ప్రశ్నల్లో ఒకటి చాలా సింపుల్. ఒక పొజిషన్‌లో ముందు ఎంపికైన ఆటగాడు, అదే పొజిషన్‌లో వాడి తర్వాత ఎంపికైన ఆటగాడి కంటే మెరుగ్గా తేలే అవకాశం ఎంత? జవాబు సగానికి కొంచెం ఎక్కువ. దాదాపు బొమ్మా బొరుసా.

అంటే టీములకి ఏమీ తెలీదని కాదు. మొదటి రౌండ్ వాళ్లు సగటున ఆరో రౌండ్ వాళ్ల కంటే బాగా ఆడతారు. కానీ పక్కపక్కనే ఉన్న ఇద్దరిలో ఎవరు మెరుగో చెప్పగలమన్న వాళ్ల నమ్మకం, వాళ్ల నిజమైన తెలివి కంటే చాలా ఎక్కువ. "నాకు ఇతనే కావాలి" అని నాలుగు ఛాన్సులిచ్చి ఒక ఛాన్స్ కొనుక్కునే టీమ్ మామూలుగా నష్టపోతోంది, ఆ ఛాన్సులు పుచ్చుకున్న టీమ్ లాభపడుతోంది. ఇదీ వాళ్లు తేల్చింది.

సీఎస్‌ఈ వాళ్లకి చిన్న లెక్క. ఉదాహరణకి ఒక ఎంపిక సక్సెస్ అయ్యే అవకాశం సగం అనుకుందాం. ఒక్క ఛాన్స్ ఉంటే ఫెయిలయ్యే అవకాశం కూడా సగమే. మూడు విడివిడి ఛాన్సులు ఉంటే మూడూ ఫెయిలయ్యే అవకాశం ఎనిమిదిలో ఒకటి. అంచనా బలహీనంగా ఉన్నప్పుడు ఎక్కువసార్లు ప్రయత్నించడమే తెలివి. ప్రాబబిలిటీ మొదటి యూనిట్‌లో ఉన్నదే ఇది.

ఒక టీమ్, రెండు డ్రాఫ్టులు

దీన్నంతా ఒకే టీమ్‌లో చూడాలంటే శాన్ ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్‌ని చూడాలి. 2021లో వాళ్లకి క్వార్టర్‌బ్యాక్ కావాలి. మిగతా టీమ్ అంతా రెడీగా ఉంది, ఈ ఒక్క ఖాళీ నిండితే చాలు అనుకున్నారు. మయామీ టీమ్‌కి 12వ నంబర్ ఛాన్స్, దాంతోపాటు 2022, 2023 మొదటి రౌండ్ ఛాన్సులు, ఒక మూడో రౌండ్ ఛాన్స్ ఇచ్చి, మూడో నంబర్‌కి ఎగబాకారు. ట్రే లాన్స్‌ని తీసుకున్నారు.

లాన్స్ బలంగా ఉంటాడు, వేగం ఉంది, బంతిని చాలా దూరం విసరగలడు. 2019లో కాలేజీలో 28 టచ్‌డౌన్ పాస్‌లు వేసి ఒక్క ఇంటర్‌సెప్షన్ కూడా ఇవ్వలేదు. కానీ ఆడింది రెండో శ్రేణి కాలేజీ పోటీల్లో. మొదటి నుంచీ ఆడిన మ్యాచ్‌లు మొత్తం 17. 2020లో కోవిడ్ వల్ల ఒక్క మ్యాచే. మెషీన్ లెర్నింగ్ ల్యాబ్‌లో ఇంత చిన్న డేటాసెట్ పెట్టుకుని వెళ్తే మేడమ్ రికార్డు మీద సంతకం పెట్టరు. ఫార్టీనైనర్స్ మాత్రం మూడేళ్ల భవిష్యత్తు దాని మీద పెట్టారు. పాపం లాన్స్ చీలమండ 2022 సీజన్ రెండో మ్యాచ్‌లో విరిగింది. ఆ టీమ్ తరఫున మొదటి నుంచీ ఆడింది నాలుగు మ్యాచ్‌లే. 2023 ఆగస్టులో అతన్ని ఒక నాలుగో రౌండ్ ఛాన్స్‌కి డాలస్‌కి ఇచ్చేశారు.

ఈలోగా 2022 డ్రాఫ్ట్‌లో అదే టీమ్ చిట్టచివరి నంబర్, 262లో, బ్రాక్ పర్డీని తీసుకుంది. చివరి నంబర్ వాడికి అమెరికాలో ఒక నిక్‌నేమ్ ఉంది: మిస్టర్ ఇర్రెలవెంట్. మన భాషలో లెక్కలోకి రానివాడు. పర్డీ పొడగరి కాదు, చెయ్యి మరీ బలమైనదీ కాదు. కానీ అయోవా స్టేట్‌లో నాలుగేళ్లలో నలభైకి పైగా మ్యాచ్‌లు ఆడాడు. డిసెంబర్‌లో మొదటి ఇద్దరు క్వార్టర్‌బ్యాక్‌లూ గాయాలతో వెళ్లిపోతే మూడోవాడిగా దిగాడు. తర్వాతి సీజన్‌లో టీమ్‌ని సూపర్ బౌల్‌కి తీసుకెళ్లాడు, అక్కడ ఓవర్‌టైమ్‌లో కాన్సాస్ సిటీ చేతిలో ఓడారు. 2025లో అతని కొత్త కాంట్రాక్ట్ ఐదేళ్లకి 26.5 కోట్ల డాలర్లు.

ఇక్కడ మోటివేషనల్ వీడియోల వాళ్లు దూరి "చూశారా, చివర్లో ఉన్నవాడే గెలుస్తాడు!" అంటారు. దయచేసి అలా అనకండి. చివరి నంబర్‌లో పిలిచిన వాళ్లలో ఎక్కువమంది పేర్లు ఎవరికీ గుర్తుండవు. గెలిచినవాడు కనిపిస్తాడు, మిగతావాళ్లు కనిపించరు, అంతే. దీని పాఠం వేరు. పర్డీ ఇంత మంచివాడని ఫార్టీనైనర్స్‌కే తెలిసుంటే 262 దాకా ఆగేవాళ్లా?

టామ్ బ్రేడీ సంగతీ అంతే. 2000లో 199వ నంబర్. 40 గజాలకి 5.28 సెకన్లు తీసుకున్నాడు. తర్వాత ఏడు సూపర్ బౌల్స్ గెలిచాడు. అతన్ని తీసుకున్న న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ కూడా ఆ డ్రాఫ్ట్‌లో అతని కంటే ముందు ఆరుగుర్ని తీసుకున్నారు. ఆ ఆరుగురిలో ఐదో రౌండ్‌లో వచ్చిన డేవ్ స్టకెల్స్కీ పేట్రియట్స్ తరఫున ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఆ టీమ్‌లో ఆటగాళ్ల ఎంపిక చూసే స్కాట్ పియోలీ ఆ స్టకెల్స్కీ ఫొటోని తన టేబుల్ మీద పెట్టుకున్నాడు. నువ్వంత తెలివైనవాడివేం కాదు అని తనకి తానే గుర్తు చేసుకోవడానికి. చరిత్రలోనే గొప్ప ఎంపిక చేసిన ఆఫీసులో ఉన్నది బ్రేడీ ఫొటో కాదు. ఈ సబ్జెక్ట్‌లో నాకు అన్నిటికంటే నచ్చిన విషయం ఇదే.

మరి అవసరం చూడొద్దా?

చూడాలి. ఎదుటివాళ్ల వాదనలో బలం లేదనను. క్వార్టర్‌బ్యాక్ పొజిషన్‌లో ఒక్కడే ఆడతాడు, వాడు లేకపోతే మిగతా పది మంది ఎంత గొప్పవాళ్లైనా దండగ. అందుకని ఎక్కువ ధర పెట్టడం కొన్నిసార్లు సరైనదే. 2018లో బఫెలో బిల్స్ ఏడో నంబర్‌కి ఎగబాకి జోష్ అలెన్‌ని తీసుకున్నారు. కాలేజీలో అతని పాస్‌ల గురి మీద అందరికీ అనుమానమే. అతను గొప్ప ఆటగాడయ్యాడు. 2017లో కాన్సాస్ సిటీ కూడా 27 నుంచి 10కి ఎగబాకి ప్యాట్రిక్ మహోమ్స్‌ని తెచ్చుకుంది. కానీ గమనించండి, వాళ్లకి అప్పటికే అలెక్స్ స్మిత్ ఉన్నాడు, అంతకుముందు సీజన్‌లో 12 మ్యాచ్‌లు గెలిచారు. తొందర లేదు కాబట్టి మహోమ్స్‌ని దాదాపు ఏడాది కూర్చోబెట్టి నేర్పించారు.

కాబట్టి నేనైతే ఇలా చేస్తా. ఆటగాళ్లని 1, 2, 3 అని ర్యాంకులుగా కాకుండా గుంపులుగా పెడతా. ఒక గుంపులో ఉన్నవాళ్ల మధ్య తేడా మనకి తెలీదని ఒప్పుకుంటా. ఆ గుంపులో మాత్రమే అవసరాన్ని బట్టి ఎంచుకుంటా. గుంపులో ఇంకా ఐదారుగురు మిగిలి ఉంటే కిందికి జరిగి ఇంకో ఛాన్స్ సంపాదిస్తా. అవసరం లిస్టులో ఈ ఏడాది ఖాళీలతో పాటు రెండేళ్ల తర్వాత ఎవరి కాంట్రాక్ట్ అయిపోతుందో కూడా రాస్తా. అన్నిటికంటే ముఖ్యంగా, వచ్చినవాడికి నేర్పే కోచ్ ఉన్నాడా అని చూస్తా. సగం ఎంపిక డ్రాఫ్ట్ అయిపోయాకే జరుగుతుంది.

మనం ఎక్కడున్నాం

మన ప్లేస్‌మెంట్స్ కూడా ఇంతే అని చెప్పి కంపెనీలని తిట్టడం సులువు. సీజీపీఏ కటాఫ్ మన 40 గజాల పరుగు. చాలా కాలేజీల్లో ఉండే "ఒక విద్యార్థికి ఒక ఆఫర్" రూల్ డ్రాఫ్ట్ లాంటిదే, పిలిచినవాడి దగ్గరికి వెళ్లాల్సిందే. గంటలో వందల మందిని చూడాలంటే వాళ్లు కొలవడానికి సులువైనదే కొలుస్తారు. దాన్ని మనం ఈ సెమిస్టర్‌లో మార్చలేం. నాకూ భయమే, నా బ్యాచ్ వంతు వచ్చే ఏడాదే.

కానీ మనం కూడా సెలెక్టర్లమే అన్న సంగతి మర్చిపోతాం. హ్యాకథాన్‌కి టీమ్ కట్టేది మనమే. మినీ ప్రాజెక్ట్ బ్యాచ్ వేసుకునేది మనమే. ఫస్టియర్ పిల్లల్ని పది నిమిషాల ఇంటర్వ్యూ చేసి టెక్నికల్ క్లబ్‌లో చేర్చుకునేదీ, "సారీ రా, నెక్స్ట్ ఇయర్ చూద్దాం" అనేదీ మనమే. అక్కడ మన చేతిలో ఉన్న కిరాణా చీటీ ఏంటి? "మాకు రియాక్ట్ వచ్చినవాడు కావాలి." రియాక్ట్ రెండు నెలల్లో వస్తుంది. రాత్రి రెండింటికి సర్వర్ పడిపోతే ఫోన్ ఎత్తే గుణం, తెలియనిది తెలీదని చెప్పే గుణం అంత తొందరగా రావు. వాటిని పది నిమిషాల్లో కనిపెట్టలేం కూడా.

అందుకే మన క్లబ్బులన్నిటికీ ఒక ప్రపోజల్. ఈసారి ఇంటర్వ్యూలో ఐదుగుర్ని తీసుకుని మిగతా అందర్నీ పంపించేసే బదులు, ఇరవై మందిని తీసుకుని నెల రోజులు చిన్న చిన్న పనులు ఇచ్చి చూద్దాం. ఆ తర్వాత నిర్ణయిద్దాం. మనకి ఖర్చయ్యేది నాలుగు ఆదివారాలు. రిజెక్ట్ చేసిన వాళ్ల పేర్లు కూడా ఒక షీట్‌లో పెట్టుకుని, రెండేళ్ల తర్వాత వాళ్లెక్కడున్నారో ఒకసారి చూసుకుందాం. అందులో కనీసం ఒక పేరు మన క్లబ్ రూమ్ గోడ మీద అంటించాల్సి వస్తుందని నా పందెం.